అత్తమ్మతో అడ్డం, నిలువు

మా అత్తమ్మ పోయిన కబురు నాకు బస్సులో తెలిసింది. నిజామాబాద్‌లో నేను కామర్స్ పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీ నుంచి బోధన్‌కు తిరిగి వస్తున్నాను. ఎడపల్లి దాటగానే మా ఆయన ఫోన్ చేశాడు. మధ్యాహ్నం పడుకున్న మనిషిని చాయ్ తాగిద్దామని లేపితే లేవలేదని, డాక్టర్ వచ్చి చూసి వెళ్ళాడని చెప్పాడు. ఆ తరువాత ఫోన్ పెట్టెయ్యలేదు. బస్సు బోధన్ చేరేదాకా ఇద్దరం అలా ఫోన్లు చెవులకు ఆనించుకొనే ఉన్నాం.

మరునాడు సమాధుల తోట నుంచి తిరిగి వచ్చేసరికి ఇంటి నిండా జనం. రుద్రూర్ నుంచి ఒక పెద్దామె వచ్చింది. ఆమె మొదటి కాన్పుకు అత్తమ్మే పక్కన ఉందట. నా రెండు చేతులూ పట్టుకొని అందరికీ వినపడేలా అంది: "కోడలు గాదు, కన్నబిడ్డ లెక్క చేసింది. ఆమె నోట్లకెల్లి మాట ఎల్లకముందే అన్నీ అందించింది."

చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. నేను తల దించుకున్నాను. దుఃఖం అనుకున్నారు. దుఃఖమే, కానీ అంతకంటే సిగ్గు ఎక్కువ. ఆమె నోట్లోంచి మాట రాకముందే అందించడం, సరిగ్గా అదే నేను చేసిన తప్పు. అంత జనంలో ఆ పెద్దామెకు ఆ సంగతి చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అత్తమ్మ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయింది. మామయ్య నేను ఆ ఇంటికి రాకముందే పోయారు. రుద్రూర్ వెళ్ళే రోడ్డు మీదే మా ఇల్లు. ఆదివారం చర్చి నుంచి రాగానే, కట్టుకున్న తెల్ల చీరైనా మార్చకుండా, పేపరుతో వచ్చే ఆదివారం పుస్తకంలోంచి పజిల్ పేజీని జాగ్రత్తగా విడదీసుకొని వీధి తలుపు దగ్గర కూర్చునేది. గడపను మా వైపు కడప అంటారు. కడపకు లోపలి పక్క ఎత్తు పీట, ఒళ్ళో పరీక్ష అట్ట, చేతిలో పెన్సిలు. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే తలెత్తకుండానే బదులిచ్చేది. గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టేది. జ్వరం ఎట్లుందని ఒకరిని, మనుమరాలు నడుస్తోందా అని ఇంకొకరిని అడిగేది. మళ్ళీ గళ్ళలోకి వెళ్ళిపోయేది.

పెళ్ళయిన కొత్తలో ఆమె ముందు కూర్చోవాలంటే నాకు బెరుకు. ఒక ఆదివారం నేను అటుగా పోతుంటే, తీగకు ఇంకో పేరేమిటని అడిగింది. రెండు గళ్ళు అని వేళ్ళు చూపించింది. మన గళ్ళనుడికట్టులో ఒక్కో గడికి ఒక్కో అక్షరం కదా, ఒత్తులూ గుణింతాలూ సున్నాలూ అందులోనే కలిసిపోతాయి. లత అన్నాను వెంటనే. నాకు గర్వంగానే ఉంది.

"గిట్ల దా, కూసో," అంది. పేపరు నా వైపు తిప్పింది. అక్కడ ఉన్న ఆధారం 'తల కిందులైతే తీగ'. తల అనే మాటను వెనక నుంచి చదివితే లత అని అప్పుడు చూశాను. "ఆధారంల ఒక్క మాట గూడ ఉత్తగ ఉండదు బిడ్డా. నువ్వు సగమే ఇని జవాబు చెప్పినవ్. ఈసారి కలిసొచ్చింది."

నాతో ఆమె అన్న మాటల్లో నాకు బాగా గుర్తున్నది అదే. అప్పుడది నాకు మెచ్చుకోలుగానే వినపడింది.

ఆ రోజు మొదలు ఆదివారాలు నావి కూడా అయ్యాయి. ఆమెకు తన పద్ధతులున్నాయి. మొదటి అడ్డంతో మొదలుపెట్టి వరసగా పోవడం ఆమెకు నచ్చదు. ముందు పేజీ అంతా ఒకసారి చదవాలి, అనుమానం లేకుండా తెలిసిన మాట ఎక్కడ ఉంటే అక్కడ కాలు మోపాలి. అది ఏ మూల ఉన్నా సరే. అక్కడి నుంచి పక్కకు జరుగుతూ పోవాలి. ఆధారం బహువచనంలో ఉంటే జవాబు తెలియకపోయినా ఆఖరి గడిలో 'లు' సన్నగా రాసి పెట్టుకోవాలి. మగవాడి గురించైతే చివర 'డు' ఉండొచ్చేమో చూడాలి. తిరగబడిన, చెదిరిన, తోక తెగిన, తల లేని అనే మాటలు ఆధారంలో కనబడితే అక్కడ ఆగాలి. అవి అర్థం చెప్పడానికి వచ్చినవి కావు, అక్షరాలను ఏం చెయ్యాలో చెప్పడానికి వచ్చినవి. 'తిరగేసిన పలక ఇంటి దూలాలకు పనికొస్తుంది' అని ఒకసారి వచ్చింది. నేను బడి, సుద్ద, అక్షరాభ్యాసం అంటూ తిరుగుతుంటే ఆమె కలప అని రాసేసింది. 'ఎటు నుంచి తిన్నా పుల్లనే' అని ఇంకోసారి. పులుపు అని రాసి, నిజంగానే నోరూరినట్టు నాలుక చప్పరించింది.

ఆధారాన్ని పైకి చదవమనేది. ఒక్కసారి కాదు, ఆపే చోటు మార్చి మార్చి చదవమనేది. 'వానరాకముందు ఒళ్ళంతా ఇదే' అన్న నాలుగు గళ్ళ ఆధారం దగ్గర నేను చాలాసేపు కోతితో కుస్తీ పట్టాను. వానరం, బొచ్చు, గోకుడు, ఏదీ పట్టదు. ఆమె వంటింట్లోంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, నెమ్మదిగా చదివింది. వాన. కాసేపు ఆగింది. రాకముందు. ఇద్దరం ఒకేసారి ఉక్కపోత అన్నాం. ఆ వేసవంతా కరెంటు పోయినప్పుడల్లా మా ఇంట్లో కోతి వచ్చిందని అనుకునేవాళ్ళం.

గుర్తుకు రాని మాటను వెంటపడి తరమొద్దనేది. వదిలేసి పోయి గిన్నెలు కడుక్కో, అదే వెనకాల నడిచి వస్తుంది అనేది. నిజంగానే వచ్చేది. ఎన్నోసార్లు సబ్బు చేతులతో పరుగెత్తుకొచ్చాను.

అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి ఉంది. ఎదుటివాళ్ళు ఎంత ఇబ్బంది పడుతున్నా మొత్తం జవాబు చెప్పకూడదు. వాళ్ళు అడిగితే ఒక్క అక్షరం ఇవ్వాలి, అంతే. కాలేజీకి పోతూ బస్సులో నేను పజిల్ చేసేదాన్ని. చిక్కుపడితే ఫోన్ చేసి, ఆధారం చదివి, "అత్తమ్మా, రెండో గడి?" అనేదాన్ని. ఆమె "ళ్ళె" అనో "త్ర" అనో ఒక్క అక్షరం పలికి ఫోన్ పెట్టేసేది. పక్క సీట్లోవాళ్ళు నన్ను వింతగా చూసేవాళ్ళు.

ఆమె చర్చి మనిషి. పురాణాల పేర్లూ రాగాల పేర్లూ ఆమెకు గళ్ళలోనే పరిచయమయ్యాయి. హిందోళం అనే రాగం పేరు మాకు తరచూ తగిలేది. మూడు గళ్ళకు బాగా కుదిరే పేరు మరి. అది వచ్చినప్పుడల్లా, ఇన్నిసార్లు రాశాను గానీ ఎలా ఉంటుందో ఒక్కసారీ వినలేదని నవ్వేది. ఫోన్‌లో వెతికి వినిపిస్తానని ప్రతిసారీ అన్నాను. వినిపించలేదు. వెతకడానికి అరనిమిషం పట్టదు. ఇప్పుడు రాస్తూ ఉంటే ఇది కూడా గుర్తొచ్చింది.

గళ్ళు నింపడంలో నేను త్వరగానే ఆమెను మించిపోయాననుకున్నాను. నాకు వేగం ఉంది. ఆమెకు లేదు. ఒక ఆదివారం పెన్సిలు కూడా పట్టకుండా పెన్నుతో కూర్చున్నాను. 'తలుపుకు వేస్తారు, కాలాన్ని కొలుస్తారు' అని మూడు గళ్ళు. తాళము అని రాశాను. తలుపుకు తాళం వేస్తారు, పాటలో కాలాన్ని తాళంతో కొలుస్తారు. ఇంతకంటే ఏం కావాలి? అత్తమ్మ చూసింది. నిలువులో వచ్చే మాట ఆ మొదటి గడిలో 'గ' అడుగుతోందని, 'తా' పెడితే ఆ మాట విరిగిపోతోందని చూపించింది. ఆధారం తప్పేమో అన్నాను నేను. ఆమె నవ్వింది. జవాబు గడియ. తలుపుకూ గడియ వేస్తారు, కాలానికీ గడియలే.

"కుదిరిందని రాసినవ్," అంది. "కుదిరిందా అని గాదు బిడ్డా సూసుడు. పక్కది ఒప్పుకుంటుందా సూడు."

పెన్ను గీతలు రబ్బరుతో పోలేదు. ఆ పేజీ చినిగింది.

ఈ ఓపిక ఆమెకు గళ్ళ నుంచి రాలేదని, ఆసుపత్రి నుంచి వచ్చిందని నాకు తరువాత తెలిసింది. రిటైరయ్యాక కూడా చుట్టుపక్కలవాళ్ళు ఏ బాధ వచ్చినా ముందు ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. మందు ఇచ్చేది కాదు, ఏ డాక్టర్ దగ్గరికి పోవాలో చెప్పేది. ఒకసారి వర్ని వైపు నుంచి ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. కడుపులో, అంటూ ఆగాడు. అత్తమ్మ ఎదురుచూస్తోంది. ఆయన మాట వెతుక్కుంటున్నాడు. చాయ్ ఇస్తున్న నేను ఉండబట్టలేక, మంటా అని అడిగాను. అవునమ్మా, మంటే అన్నాడు ఆయన. చాయ్ తాగి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆయన మెట్లు దిగాక అత్తమ్మ నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "పెద్దమనిషి. నువ్వు ఇచ్చిన మాటను కాదనలేక తీసుకున్నడు. నొప్పి ఎట్లుందని అడగాలె, గిట్లనా అని అడగొద్దు." చెప్పులేసుకొని ఆయన వెనక బస్టాండు దాకా నడిచింది. తిరిగి వచ్చాక చెప్పింది. మంట కాదట. ముద్ద గొంతు దిగడం లేదట. అలా అని చెప్పడానికి ఆయనకు నామోషీ. నిజామాబాద్‌లో పెద్ద డాక్టర్‌కు చూపించుకొమ్మని, తనే కొడుకుకు ఫోన్ చేసి చెప్పిందట.

ఇన్ని చెప్పింది నాకు. ఇన్నీ నేను విన్నాను. అందుకే నాకు తప్పించుకునే దారి లేదు.

నిరుడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. పొద్దున పళ్ళు తోముకుంటూ ఒరిగిపోయింది. నిజామాబాద్‌లో ఆసుపత్రిలో ఉండి ఇంటికి తెచ్చుకునేసరికి కుడి చెయ్యి, కుడి కాలు మాట వినడం లేదు. మాట కూడా దెబ్బతింది. మనం అనేదంతా ఆమెకు అర్థమవుతుందని, తన మాట బయటికి తేవడమే కష్టమని డాక్టర్ చెప్పాడు. ఒక్కోసారి అక్షరాలు తారుమారవుతాయి, తొందరపెట్టకండి, టైం ఇవ్వండి అన్నాడు.

నిజమే, తారుమారయ్యేవి. దువ్వెన అనబోయి వెదున్న అనేది. తప్పు వచ్చిందని ఆమెకు తెలిసేది. ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టేది. నేను పక్కనే కూర్చొని అక్షరాలు సరిచేసి, దువ్వెనా అనేదాన్ని. కళ్ళతో ఔననేది. మా ఆయనకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నాకు అర్థమయ్యేది. చుట్టాలు వస్తే నేనే దుబాసీని. ఆమె ఒక అక్షరం పలకగానే నేను మాట అందించేదాన్ని. మంచినీళ్ళా, చాయా, ఫ్యానా, కిటికీనా? ఇన్నేళ్ళ పజిళ్ళు పనికొచ్చాయని అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను. ఒక్క అక్షరమే ఇవ్వాలన్న నియమం ఎటు పోయిందో! ఆమె కష్టపడుతుంటే చూడలేకే అలా చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. పొద్దున బస్సు అందుకోవాలి, వంట చెయ్యాలి, ఎదురుచూసే తీరిక లేదు అన్నది కూడా నిజం.

కొన్నాళ్ళకు ఆమె ఒకే మాట పదే పదే అనడం మొదలుపెట్టింది. పడక. కుర్చీలో కూర్చోబెడితే పడక అనేది. అలసిపోయిందనుకొని ఎత్తి పడుకోబెట్టేవాళ్ళం. పడుకున్నాక కూడా పడక అనేది. పరుపు గుచ్చుకుంటోందేమో అన్నాను. పరుపు మార్చాం. పుండ్లు పడకుండా గాలి పరుపు తెప్పించాం. గాలి తగలడం లేదేమోనని మంచాన్ని ఫ్యాన్ కిందికి జరిపాం. మళ్ళీ పడక. ఒకరోజు మా ఆయన విసిగి అన్నాడు: "పొద్దంత పడకలనే ఉన్నది. ఇంక పడక ఏందే? వేరే ఏదన్న అంటున్నదేమో."

నేను ఒప్పుకోలేదు. ఇంత స్పష్టంగా అంటున్న ఒకే ఒక్క మాట అదే కదా, దాన్ని కూడా అనుమానిస్తే ఎలా అన్నాను. మిగతా మాటలు తారుమారైతే అర్థం లేని అక్షరాలు మిగిలేవి. అందుకే వాటిని తిప్పి చూసేదాన్ని. ఇది తిన్నగా ఒక మాటలా వినపడింది, మంచంలో ఉన్న మనిషికి అతికినట్టు కుదిరింది. ఇక తిప్పి చూడాలని నాకు తోచలేదు.

నేను అలా అన్నప్పుడు ఆమె మా ఇద్దరినీ చూస్తూనే ఉంది. అన్నీ అర్థమయ్యే మనిషి. ముఖం గోడవైపు తిప్పుకుంది. ఎడమ కంటి నుంచి నీళ్ళు కారితే, పక్షవాతం వచ్చినవాళ్ళకు కళ్ళు కారుతాయని పక్కింటావిడకు నేనే చెప్పాను. ఆ తరువాత మెల్లగా ఆ మాట తగ్గింది. ఆ తరువాత ఏ మాటా లేదు. నీళ్ళు కావాలన్నా చెంబు వైపు చూడటమే. జబ్బు ముదురుతోందని అనుకున్నాం.

క్రిస్మస్ ముందు ఇంటికి సున్నం వేయించాం. ఆమె గది ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. సున్నం వాసన పడదని, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వీధి తలుపు దగ్గరికి తోసుకొచ్చాను. ఎక్కడైనా గాలి తగిలే చోటు అని తెచ్చానే తప్ప వేరే ఆలోచన లేదు. బీరువా జరపడానికి మా ఆయన పిలిస్తే కుర్చీ వదిలి లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆమె ఎడమ చేత్తో తలుపు చట్టాన్ని పట్టుకొని, ఎడమ కాలు కుర్చీ మీంచి దించి, కాలి వేళ్ళతో కడపను తాకుతోంది. పసుపు రాసిన చెక్క కాదు మాది, ఉత్త రాయి. ఎన్నో ఏళ్ళ రాకపోకలకు నడుమ అరిగి నున్నబడింది. ఆ అరిగిన చోట కాలు పెట్టింది. నన్ను చూసి, చాలా రోజుల తరువాత నోరు తెరిచింది.

"పడక," అంది.

నాకు అక్కడే తెలిసింది. ప, డ, క. క, డ, ప. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కుర్చీ ముందు కింద కూర్చున్నాను. "కడపనా అత్తమ్మా?" అన్నాను.

ఆమె వెంటనే తల ఊపలేదు. కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచి, "ఆ" అంది. అంతే.

మా ఆయన లోపలి నుంచి వచ్చి ఏమైందని అడిగాడు. చెప్పాను. తల్లి వెనక నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నన్ను ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

ఇన్ని వారాలూ ఆమె అడిగింది తన చోటును. వెలుతురు, రోడ్డు, పలకరించే మనుషులు ఉన్న చోటును. అడిగిన ప్రతిసారీ మేం ఆమెను ఎత్తుకుపోయి లోపలి గదిలో పడుకోబెట్టాం. ఎంత ప్రేమగా పడుకోబెట్టామో తలచుకుంటే ఇంకా బాధ. దిండు సర్ది, దుప్పటి కప్పి, తలుపు దగ్గరికి వేసి మరీ వచ్చేదాన్ని.

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రమూ ఆమె కుర్చీ కడప దగ్గరే. దారిన పోయేవాళ్ళు మళ్ళీ ఆగారు. ఆమె ఎడమ చెయ్యి ఎత్తేది. ఆదివారాలు పజిల్ పేజీ మళ్ళీ బయటికి వచ్చింది. నేను ఆధారం చదివి ఊరుకునేదాన్ని. ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆమె పెదవులు కదిలేవి, ఆగేవి, మళ్ళీ కదిలేవి. జవాబు నా నాలుక మీద ఆడుతూ ఉండేది. నోరు మూసుకొని కూర్చునేదాన్ని. పేజీ మొత్తానికి రెండో మూడో మాటలు వచ్చేవి. తారుమారుగా వస్తే, నేను రాసి చూపిస్తే, తనే వేలితో వరస దిద్దేది. 'దూది ఇచ్చే చెట్టు' అని రెండు గళ్ళు వస్తే, మిట్టమధ్యాహ్నం దాటి నేను పేజీ మడిచేసే వేళకు, పత్తి అని ఒక్క పెట్టున అనేసింది. నవ్వు ఎడమ పక్కకే వచ్చింది. కానీ నవ్వే.

ఒక సాయంత్రం ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని, తప్పు చేశాను అత్తమ్మా అన్నాను. ఏ తప్పో చెప్పాను. ఆమె రోడ్డు వైపు చూస్తూ ఉంది. కొంతసేపటికి ఎడమ చెయ్యి నా తల మీద పెట్టింది. తీసేసింది. క్షమించిందా, లేచి పొమ్మందా, ఊరికే పెట్టిందా, నేను చెప్పను. చెబితే మళ్ళీ నా మాట ఆమె నోట్లో పెట్టినట్టే. చర్చిలో పాస్టరు అయ్యగారికి ఇదంతా చెబితే, దేవుడు చూస్తాడమ్మా, మనసు కష్టపెట్టుకోకు అన్నారు. మంచి మాటే. కానీ ఆ గదిలో గోడవైపు తిరిగి ఉన్న ఆమె ముఖం నాకు ఇంకా కనబడుతూనే ఉంది.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్న వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మాట కోసం ఆగండి. మీకు వచ్చేసినా ఆగండి. మీరు అందించిన మాట ఎంత చక్కగా కుదిరినా, ఒకసారి వాళ్ళ ముఖంలోకి చూడండి. ఒప్పుకొన్నారా, అలసిపోయి వదిలేశారా అన్నది ముఖంలో తెలుస్తుంది. నాకూ తెలిసేదే. నేను చూడలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో, ఆమె పోవడానికి కొంచెం ముందు, ఒక సాయంత్రం చెరుకు ట్రాక్టర్ ఒకటి మా ఇంటి ముందు ఆగింది. వెనక రెండు ట్రాలీల నిండా చెరుకు. తాడు ఒకటి వదులైతే డ్రైవర్ దిగి బిగించుకుంటున్నాడు. సరిహద్దు అవతలి మనిషి. మరాఠీ తప్ప రాదు. మంచినీళ్ళు కావాలని చేత్తో సైగ చేస్తే మా ఆయన బాటిల్ తెచ్చి ఇచ్చాడు. అతను తాగి, మూత పెడుతూ, కుర్చీలో ఉన్న అత్తమ్మకు దండం పెట్టాడు.

అత్తమ్మ అతన్ని చూసి, "కుఠే?" అంది.

ఎక్కడికి అని. అక్షరం తొట్రుపడలేదు. ఆ మాట అంత మామూలుగా వచ్చేసరికి నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళు పెద్దవై ఉన్నాయి. ఆసుపత్రికి సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చే బాలింతలతో మాట్లాడి మాట్లాడి ఆమె మరాఠీ నేర్చుకుందని తరువాత చెప్పాడు. ఇన్నేళ్ళలో నా ముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె ఇంకేదో అడగబోతోంది. పెదవులు కదులుతున్నాయి. ఏ ఊరు, ఏ ఫ్యాక్టరీ, ఇంటికి ఎప్పుడు పోతావు, ఏదో ఒకటి నా నోటి దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. డ్రైవర్‌కు ఏం అర్థమైందో, తొందర ఉన్నా కదల్లేదు. కడప ముందు గొంతుక్కూర్చొని, ఆమె ముఖంలోకి చూస్తూ ఆగాడు. రెండో మాట రాలేదు. అతను తనంతట తనే నెమ్మదిగా ఏదో చెప్పాడు, చేత్తో పడమర చూపించాడు. ఆమె తల ఊపింది.

పోయే ముందు అతను ట్రాలీలోంచి ఒక చెరుకు గడ లాగి, ఆకు దూసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, ఆమె ఒళ్ళో అడ్డంగా పెట్టాడు. ట్రాక్టర్ కదిలింది. వెనక ట్రాలీ నుంచి వేలాడుతున్న చెరుకాకు తారు రోడ్డును ఊడుస్తూ గరగరమంటూ పోయింది. ఆ చప్పుడు వినపడినంతసేపూ అత్తమ్మ ఆ వైపే చూస్తూ, ఎడమ చేతి చూపుడువేలితో ఒళ్ళోని చెరుకు గడను ఈ కొస నుంచి ఆ కొసకు, ఒక్కో కణుపు దగ్గర ఆగుతూ, తడుముతూ కూర్చుంది.